శుక్రవారం నల్లబడే బ్రాస్‌లెట్

పట్టపగలు దెయ్యం ఊసెత్తితే ఎవడికైనా నవ్వొస్తాది. తాతబ్బాయికి మాత్రం రాలేదు. చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టబోయి గాల్లో పెట్టేడు. గ్లాసు నేలమీద, టీ గురూగారి పంచెమీద పడ్డాయి.

"చూసేవా అమ్మా, మా అసిస్టెంటు ఎంత మొనగాడో!" అన్నాడు భుజంగరావు పంచె దులుపుకుంటూ. "నువ్వు చెప్పు. భయపడకు. నీ వంతు భయం కూడా వాడే పడతాడు."

భిలాయి ఖుర్సీపార్ బజార్లో ఎస్టీడీ బూత్ వెనకనున్న గది భుజంగరావు ఆఫీసు. ఉక్కు ప్లాంటు సెక్యూరిటీలో పనిచేసి రిటైరయ్యేక, ఊరికే కూర్చోలేక ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టేడు. తాతబ్బాయి అంతకుముందు సైకిళ్ళకి పంచర్లేసేవాడు. గురూగారు ఒకసారి అతని పోయిన పంపు, చూరుమీద దాచినవాడితోనే తీయించేడు. ఆ మర్నాడే షాపు మూసేసి ఇక్కడ చేరిపోయేడు.

ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు నీలిమ. పార్వతీపురం పిల్ల. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసే మనోజ్‌కుమార్‌కి రెండో పెళ్ళాంగా ఈ వేసంకాలమే భిలాయి వచ్చింది. మొదటి పెళ్ళాం రజనీకుమారి పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళయింది.

"పెళ్ళినాడే మా అత్త రజనక్క బ్రాస్‌లెట్ నా చేతికి తొడిగీసింది బాబుగారూ," అంది నీలిమ. "పోయినావిడి వస్తువు రెండోదాని ఒంటిమీద ఉండాలంట. లేపోతే ఆవిడికి కోపమొస్తాదంట. లక్ష్మివారం సాయంత్రం ఆవిడి ఫొటో ముందు ఆకేసి, ఆవిడికిష్టమైనవి పెట్టి, పక్కన బ్రాస్‌లెట్ పెట్టి, అంతటిమీదా స్టీలు బేసిన్ బోర్లించి తలుపేసేస్తాం. ఆవిడొచ్చి తిని వెళ్ళాలని. శుక్రవారం పొద్దున్న నేను తలంటుకుని, అది పసుపునీళ్ళతో కడిగి తొడుక్కోవాలి."

"బాగానే ఉందిగా. ఏటయింది?"

"మొదట్లో మల్లెపువ్వులా ఉండేది. ఇప్పుడు ప్రతి శుక్రవారం బేసిన్ ఎత్తేసరికి బొగ్గు! తోముకుని తొడుక్కుంటే మళ్ళీ శుక్రవారానికి బొగ్గు. బేసిన్ ఎత్తగానే వాసన కూడా..." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "శవం వాసన బాబుగారూ."

చెయ్యి చాపింది. మణికట్టు చుట్టూ నల్లటి చార. ఎవరో మసి చేత్తో గట్టిగా పట్టుకుని వదిలినట్టుంది. తాతబ్బాయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"సుపేలా నుంచి దెయ్యాలు దింపే బైగాని తెచ్చేరు. పోయినావిడి ఈ పిల్లని ఒప్పుకోలేదు, దీపావళి దాటితే తనతో తీసుకుపోతాది అన్నాడు. ఈ శనివారం నన్ను పుట్టింటికి బండెక్కించేస్తారు. మరి తీసుకురారు."

"నువ్వు నమ్ముతున్నావేటి?"

"నలుగుర్లో ఉన్నప్పుడు నమ్మను. ఒక్కదాన్నీ గచ్చు కడుగుతూ నా చెయ్యి నేను చూసుకుంటే నమ్ముతాను." నీలిమ కళ్ళు తుడుచుకుంది. "ఆవిడికి నిజంగా నేనంటే పడకపోతే ఎల్లిపోతాను. ఆవిడి ఇల్లే కదా. కానీ ఆవిడేనా, కాదా, అది తేల్చి చెప్పండి. తెలీకుండా ఎల్లిపోతే బతికినన్నాళ్ళూ నా చెయ్యి నేను చూసుకోలేను."

భుజంగరావు చెయ్యి చూడ్డం మాని ఆ పిల్ల కాళ్ళకేసి చూసేడు. "ఆ పట్టీలు వెండివేనా?"

"అవును. మా అమ్మ పెట్టింది."

"ఈమధ్య తోమేవా?"

"లేదు."

పట్టీలు తళతళలాడుతున్నాయి. చేతికి దెయ్యం పడితే కాళ్ళ సంగతి ఎందుకో తాతబ్బాయికి అంతు చిక్కలేదు.

తరవాత గురూగారు బ్రాస్‌లెట్ తీయించి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కొక్కెం లోపల చూసేడు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఆనించేడు. వాసన చూసేడు. అంతా అయ్యేక తాతబ్బాయి చేతిలో పెట్టేడు.

"మార్చేసేరు గురూగారూ!" అన్నాడు తాతబ్బాయి దాన్ని నిప్పులా పట్టుకుని. "అసలుది కొట్టేసి జర్మన్ సిల్వర్ పెట్టేరు. అందుకే నల్లబడతంది!"

"ఒరే, కొక్కెం లోపల తొమ్మిది వందల పాతిక అని ముద్దర చూడు. స్టెర్లింగ్ అంటారు. ఉత్త వెండితో చేస్తే చేతిలోనే వంగిపోతాదని కాస్త రాగి కలుపుతారు. వెండి కొనడానికెళ్తే ముందు చూడాల్సింది ఆ ముద్దర. అయస్కాంతానికి అంటుకోలేదు, చూసేవు కదా. జర్మన్ సిల్వర్ పాతబడితే పసుపు తిరుగుతాది, ఇలా మసిబొగ్గవదు. ఇది అసలుదే. అసలుది కాబట్టే నల్లబడింది."

"అయితే దెయ్యమేనా?"

"రేపు వెళ్ళి అడుగుదాం."

"ఎవర్ని?"

"దెయ్యాన్నే!" అని భుజంగరావు నీలిమకేసి చూసి కన్ను కొట్టేడు. వచ్చినప్పటినుంచీ మొదటిసారి ఆ పిల్ల పెదవులు కదిలేయి.

లక్ష్మివారం మధ్యాహ్నం ఇద్దరూ మనోజ్‌కుమార్ క్వార్టర్‌కి వెళ్ళేరు. చిమ్నీల పొగ ఆ వీధిమీద అప్పుడే దుప్పటిలా దిగుతున్నాది. ఆరేసిన బట్టలమీద ఎర్రటి దుమ్ము. ముందుగది దాటితే చిన్నగది. అందులో రజనీకుమారి ఫొటో, ఎండిన దండ, వెలగని దీపం. ఫొటోలో ఆవిడ నవ్వుతున్నాది. గడ్డం కింద ఆనించుకున్న చేతికి అదే బ్రాస్‌లెట్. ఆ గదిలో బయటకంటే చల్లగా ఉన్నట్టు తాతబ్బాయికి అనిపించింది. గురూగారి పైపంచె కొస పట్టుకున్నాడు.

"వదలరా, చిరుగుతాది," అన్నాడు భుజంగరావు.

అత్త జోగమ్మ గుమ్మంలోనే నిలబడింది. లావుపాటి మనిషి, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు.

"మీరేటి తేలుస్తారు బాబూ? అంతా తేలిపోయింది. ఒక కోడలు నా చేతుల్లోనే పోయింది. రెండోది కూడా పోతే దాని తల్లికి నేనేటి సమాధానం చెప్పనూ? పుట్టింట్లోనైనా ప్రాణంతో ఉంటాది."

"మంచి మనసే తల్లీ. ఆకులో ఏటేటి పెడతన్నారు?"

"మొదట్లో గారెలు, పరవాన్నం పెట్టేదాన్ని. మావాడి కల్లోకొచ్చి గుడ్డడిగిందంట. సాయిబాబా వారం, గుడ్డు నా గడప తొక్కనివ్వను. అయినా పోయిన పిల్ల నోరిడిచి అడిగింది కదా అని పెరట్లో కుంపటిమీద ఉడకబెట్టి, గాట్లు పెట్టి, పసుపు రాసి, వేడివేడిగా పెడతన్నాను. ఎంత పెడితే ఏటి, దాని కోపం దిగలేదు!"

పెరట్లో మంచంమీద ఒక కుర్రాడు కూర్చున్నాడు. రజనీకుమారి తమ్ముడు బలరాం. క్యాంప్ 2లో ఉంటాడు, ప్లాంటులో కాంట్రాక్టు పని. భిలాయిలోనే పుట్టేడు కాబట్టి తెలుగు సగం, హిందీ సగం.

"వో మేరీ దీదీ కా హై!" అన్నాడు అడక్కముందే. "దీదీది తీసుకెళ్ళి ఇంకోళ్ళ చేతికి ఎందుకు తొడిగేరు? గుస్సా రాదా?"

"నీకిచ్చేమని అడిగేవా?"

"ఎన్నోసార్లు. అత్త ఇవ్వలేదు."

"లక్ష్మివారం సాయంత్రాలు ఇక్కడికొస్తావా?"

"నై. సెకండ్ షిఫ్టు. శుక్రవారం పొద్దున్న వస్తాను, దీదీకి దండం పెట్టుకోడానికి. ఇవాళ మీరొస్తారని అత్త కబురంపింది, అందుకే ఛుట్టీ పెట్టేను."

"వీడే గురూగారూ!" అని గుసగుసలాడేడు తాతబ్బాయి. "బ్రాస్‌లెట్ కోసం అక్క పేరు చెప్పి ఆడిస్తన్నాడు."

"ఎలా? క్యాంప్ 2లో కూర్చుని ఊదేడేటి?"

మనోజ్‌కుమార్ అప్పుడే డ్యూటీ దిగి సైకిల్ గోడకి ఆనించేడు. కొలిమి సెగకి మాడిన మొహం, తాడిచెట్టంత మనిషి. ముందుగదిలోకి వచ్చి, చిన్నగదికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"బ్రాస్‌లెట్ ఎక్కడ కొన్నారు బాబూ?" అడిగేడు భుజంగరావు.

"దుర్గ్‌లో. తనే కొనుక్కుంది. ఆడాళ్ళ సరుకు, నాకేటి తెలుస్తాది."

"నల్లబడ్డానికి మీకేటనిపిస్తంది?"

"మా కోక్ ఓవెన్స్ గ్యాసేమో."

"కావచ్చు. కల్లోకి వచ్చిందంట?"

"వచ్చింది."

"ఏమంది?"

మనోజ్‌కుమార్ తన అరచేతులు చూసుకున్నాడు. "గుడ్డడిగింది," అన్నాడు.

ఆ 'వచ్చింది' అన్నది నిజంలా వినిపించింది తాతబ్బాయికి. అందుకే మరీ భయమేసింది.

పక్క క్వార్టర్ ఛాయ వీళ్ళని గోడమీంచి కేకేసి పిలిచింది. భర్త ప్లాంటులో ఫోర్‌మన్. రజనీకుమారికి ప్రాణస్నేహితురాలు.

"తనే కొనుక్కుందా? ఎవరన్నారు?" అంది కళ్ళు పెద్దవి చేసి. "ఇద్దరూ స్కూటర్ అరువడిగి మరీ వెళ్ళేరు. మధ్యాహ్నం వెళ్ళి దీపాలవేళకొచ్చేరు భాయ్‌సాబ్, ఒక్క బ్రాస్‌లెట్‌కి! రజనికంటే ఆయనకే దానిమీద ఇష్టం. షాపతను చెప్పేడని సెంటు తగలనిచ్చేవాడు కాదు. స్నానానికి వెళ్తే తీయించేవాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, డబ్బాలో సుద్దముక్క వేసి దాచేవాడు, చెమ్మ పీల్చుకుంటాదని. మావాడి బర్త్‌డేకి రజని ఇక్కడ కూర్చుని గుడ్లు ఒలుస్తుంటే, ఇదే గోడమీంచి చెయ్యి చాపి, తియ్యి తియ్యి అని తీయించి జేబులో వేసుకున్నాడు. మేమందరం నవ్వేం. పాపం, ఇప్పుడా మనిషి నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. రజని పోయినప్పుడు కన్నీటిబొట్టు రాల్చలేదు. మగాడు ఏడవకూడదని ఎవరో అన్నారంట."

భుజంగరావు తల ఊపి, "మీ ఇంట్లో చిన్న బంగాళాదుంప ఉంటే ఉడకబెట్టిస్తారా?" అన్నాడు.

"ఆకలా?"

"నాకు కాదు. రజనమ్మకి."

దీపాలవేళ జోగమ్మ ఆకేసింది. గుడ్డు పెట్టింది, బ్రాస్‌లెట్ పెట్టింది. నీలిమ గోడకి అంటుకుపోయి నిలబడింది. బేసిన్ బోర్లించబోతుంటే భుజంగరావు ఆపేడు.

"నన్నొక్కణ్ణి ఒక్క నిమిషం వదిలెయ్యండి. ఆవిడితో మాటాడాలి."

తలుపు మూసేడు. లోపల్నుంచి గొణుగుడు వినిపించింది. తాతబ్బాయి వెళ్ళి బలరాం వెనకాల నక్కేడు. గురూగారు బయటికొచ్చేటప్పటికి బేసిన్ బోర్లించి ఉంది. లాల్చీ జేబు కాస్త ఎత్తుగా ఉంది.

"ఎవరూ ముట్టుకోకండి. రేపు పొద్దున్న అందరూ ఉండాలి. బలరాం, నువ్వు కూడా." వీధిలోకి రాగానే తాతబ్బాయి ముందు చెయ్యి చాపేడు. "నీ వెండి ఉంగరం ఇలాగివ్వు."

"నాది మా ఆవిడ పెట్టిందండి!"

"అందుకే అడుగుతున్నాను. పెళ్ళాం ప్రేమ ఎంత గట్టిదో చూద్దాం."

శుక్రవారం పొద్దున్న చిన్నగదిలో అందరూ నిలబడ్డారు. జోగమ్మ, మనోజ్‌కుమార్, బలరాం, ఛాయ. నీలిమ తలంటుకుని, తడిజుట్టుతో, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. బయట ప్లాంటు సైరన్ మోగి ఆగింది. ఆగేక వచ్చిన నిశ్శబ్దంలో ఫొటో దండలో ఎండిన పువ్వొకటి రాలితే అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఎత్తమ్మా నీలిమా," అన్నాడు భుజంగరావు.

నీలిమ కళ్ళు గట్టిగా మూసుకుని బేసిన్ ఎత్తింది.

వాసన లేదు. ఆకు పక్కన బ్రాస్‌లెట్ తెల్లగా, వెన్నెల ముక్కలా ఉంది.

"ఓలమ్మా, శాంతించింది!" జోగమ్మ నేలమీద సాష్టాంగపడిపోయింది. "నా తల్లి కోపం దిగింది!"

"లేవండి. ముందు ఆవిడేం తిందో చూడండి." భుజంగరావు ఆకులోని గుడ్డు తీసి రెండుగా విరిచేడు. లోపల పచ్చసొన లేదు. పిండి పిండిగా బంగాళాదుంప. ఛాయ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గుడ్డేదండీ?" అంది జోగమ్మ.

భుజంగరావు సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసి తాతబ్బాయి చేతిలో పెట్టేడు. మూత తీయగానే ఆ వాసన గుప్పుమంది. నీలిమ ఒక అడుగు వెనక్కేసింది. లోపల గాట్లు పెట్టిన గుడ్డు, దాని పక్కన ఉంగరం. ఉంగరం కాటుకలా ఉంది.

"నా ఉంగరం!" తాతబ్బాయి దాదాపు ఏడ్చేడు. "మా ఆవిడ బతికే ఉందండి! పొద్దున్న టీ ఇచ్చిందండి!"

"మీ ఆవిడ దెయ్యమవలేదురా. వెండికి గుడ్డు పడదు, అంతే. ఉడికిన గుడ్డులో గంధకం ఉంటాది. వేడిమీద గాట్లు పెట్టి, గాలాడకుండా మూసిపెడితే ఆ ఆవిరి వెండిని పట్టేస్తాది. మీరందరూ శవం వాసన అనుకున్నది అదే. ఈ అమ్మ చేతిమీద చార, తోమినా పూర్తిగా వదలని ఆ మసే. కోక్ ఓవెన్స్ గ్యాసే అయితే ఈ అమ్మ కాళ్ళ పట్టీలు కూడా నల్లబడాలి. అవి తెల్లగానే ఉన్నాయి. అంటే తప్పు గాలిలో లేదు, ఈ బేసిన్ కిందే ఉంది."

జోగమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. "అయితే నా చేత్తో నేనే..."

"పెట్టింది మీరు. పెట్టించింది వేరొకరు. జోగమ్మగారూ, బాగా గుర్తు తెచ్చుకోండి. బ్రాస్‌లెట్ నల్లబడ్డం ముందా, గుడ్డడిగిన కల ముందా?"

జోగమ్మ పెదవులు కదిపింది. గారెలు పెట్టిన వారాలు, గుడ్డు పెట్టిన వారాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది.

"కల," అంది చివరికి. "కలే ముందు."

"కోపమొచ్చి నల్లబరిచిందని, ఆ కోపం తీర్చడానికి గుడ్డు పెడుతున్నారని బైగా అనుకున్నాడు, ఊరంతా అనుకుంది. అసలు వరస తిరగబడి ఉంది. వెండికి గుడ్డు పడదని ఈ ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే. కొన్ననాడు షాపతని జాగ్రత్తలన్నీ విన్నవాడు. గుడ్లు ఒలుస్తున్న పెళ్ళాం చేతినుంచి గోడమీంచి బ్రాస్‌లెట్ తీయించినవాడు. నిన్న మాత్రం ఆడాళ్ళ సరుకు నాకేం తెలుసన్నాడు."

అందరూ ఒకేవైపు తిరిగేరు.

"జీజాజీ!" అన్నాడు బలరాం నమ్మలేనట్టు.

మనోజ్‌కుమార్ గోడకి జారబడి అలాగే నేలమీద కూర్చుండిపోయేడు.

"ఈవిణ్ణి పంపించెయ్యాలని కాదు," అన్నాడు. మాటలు ఎక్కడో లోతునుంచి తోడుకుంటున్నట్టు వచ్చేయి. "డ్యూటీనుంచి వస్తే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ముందు ఆ చెయ్యొచ్చేది. ఆ బ్రాస్‌లెట్ కనిపించేది. రజని వచ్చిందనుకునేవాణ్ణి. తలెత్తితే ఇంకో మొహం. రోజూ అంతే. రోజూ చచ్చిపోయేది. నల్లబడితే అమ్మ తీసి పక్కన పెట్టేస్తాదనుకున్నాను. తోమించి తోమించి మళ్ళీ తొడిగించింది. బైగా వచ్చేక నాకు నోరు పెగల్లేదు. పోయినదాని పేరుమీద అబద్ధమాడేనని ఏ మొహంతో చెప్పను?"

"శనివారం నన్ను బండెక్కించేక చెప్పేవాడివేటి?" అంది నీలిమ.



నీలిమ వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఒక్కటే అడుగుతాను. ఆవిడ కల్లోకి రావడం కూడా అబద్ధమేనా?"

"కాదు. వచ్చింది." మనోజ్‌కుమార్ మొదటిసారి ఫొటోకేసి చూసేడు. "గుడ్డడగలేదు. ఏటీ అడగలేదు. గుమ్మంలో నిలబడి తన చెయ్యి చూసుకుంది. బోసి చెయ్యి. నాకేసి చూసి మళ్ళీ చెయ్యి చూసుకుంది."

తాతబ్బాయి గుమ్మం దగ్గర్నుంచి పక్కకి జరిగేడు. ప్రతిదానికీ ఒక వేళాకోళం తయారుగా పెట్టుకునే గురూగారికేసి చూసేడు. భుజంగరావు కళ్ళద్దాలు తీసి ఊరికే తుడుచుకుంటున్నాడు.

నీలిమ ఆకు పక్కనున్న బ్రాస్‌లెట్ తీసింది. మనోజ్‌కుమార్ అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"ఇది నేను తొడుక్కోను. పుట్టింటికీ ఎల్లను."

"మరి ఆవిడికి కోపమొస్తే..." జోగమ్మ అందుకోబోయింది.

"ఆవిడికి కోపం లేదత్తా. ఉంటే నాకుండాలి. ఉంది కూడా. అది ఈయనా నేనూ తరవాత చూసుకుంటాం."

మూసిన గుప్పిట మనోజ్‌కుమార్ నుదుటికి ఆనించుకున్నాడు. భుజాలు ఒక్కసారి కదిలేయి. తరవాత బావురుమన్నాడు. ఆ గొంతు మనిషి గొంతులా లేదు, కొలిమి తలుపు తెరిచినట్టుంది. అన్నాళ్ళూ బ్రాస్‌లెట్ నాకివ్వండని దెబ్బలాడిన బలరాం దాని ఊసెత్తలేదు. వెళ్ళి బావ పక్కన కూర్చుని భుజంమీద చెయ్యేసేడు. వాడికీ కళ్ళు ఆగలేదు. జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

భుజంగరావు తాతబ్బాయిని మోచేత్తో పొడిచి బయటికి తీసుకొచ్చేసేడు. గేటు దగ్గరికి వచ్చేసరికి వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. ఏడుపు విని ఎదురు క్వార్టర్ ముసలాయన ధర్మారావు చేతికర్రతో పరుగులాంటి నడక నడుచుకుంటూ వచ్చేడు. నీలిమ వీధిగుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటమ్మా ఆ ఏడుపు? ఎవరు పోయేరు?"

నీలిమ బోసి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"రజనక్క పోయింది తాతా," అంది.